లైకులు సరే, ఆర్డర్లేవీ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే బెంగ: ఫోన్లో వేల మంది ఉన్నారు, పని పడ్డప్పుడు పలికేవాళ్లు లేరు. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి ఏడింటికి జవాబులు ఇస్తున్నాం.

మాది మంగళగిరి. చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ హోల్‌సేల్‌గా ఇస్తాం. వాట్సాప్ బిజినెస్‌లో మూడు బ్రాడ్‌కాస్ట్ లిస్టులున్నాయి, మొత్తం ఏడొందల నంబర్లు. రోజూ పాతిక ఫొటోలు పంపితే చూసేది డెబ్భై ఎనభై మందే. పోయిన నెలలో నంబరు రెండు రోజులు ఆగిపోయింది కూడా. ఎక్కడ తప్పుతున్నాం?
*వస్త్ర వ్యాపారి, మంగళగిరి*

బ్రాడ్‌కాస్ట్‌లో పంపిన మెసేజ్ మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మీ దగ్గర వాళ్ల నంబరు ఉంటే చాలదు. ఒక్కో లిస్టులో 256 మంది పడతారు కాబట్టి మీరు మూడు లిస్టులూ దాదాపు నింపేశారు. అందులో మిమ్మల్ని సేవ్ చేసుకున్నది ఎందరో మాత్రం చూసుకున్నట్టు లేదు. పంపిన మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి ‘ఇన్ఫో’ తెరిస్తే ఎవరికి డెలివర్ అయిందో, ఎవరు చదివారో పేర్లతో సహా కనిపిస్తుంది. వరసగా నాలుగైదు మెసేజ్‌లకు ఇలా చూడండి. ఒక్కటి కూడా డెలివర్ కాని పేర్లను లిస్టులోంచి తీసెయ్యండి. ‘చదివారు’ అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి. నీలం టిక్కులు ఆపుకున్నవాళ్లు చదివినా చదవనట్టే ఉంటారు.

ఇక నంబరు ఆగిపోవడం సంగతి. ఎగ్జిబిషన్‌లో రాసుకున్న నంబర్లకో, ఎవరో ఇచ్చిన లిస్టుకో ఒకే మెసేజ్ గుంపుగా పంపితే, అందుకున్నవాళ్లలో కొందరు బ్లాక్ కొడతారు, కొందరు రిపోర్ట్ చేస్తారు. కొద్ది సమయంలో ఇలాంటివి ఎక్కువైతే వాట్సాప్ ఖాతాను ఆపేస్తుంది. బల్క్ మెసేజ్ సాఫ్ట్‌వేర్ వాడినా, జీబీ వాట్సాప్ లాంటి అనధికార యాప్ వాడినా అంతే. అవి ఫోన్లో ఉంటే ఇవాళే తీసెయ్యండి. మళ్లీ మళ్లీ అదే జరిగితే ఈసారి నంబరు శాశ్వతంగా పోవచ్చు. దాంతోపాటు మీ ప్యాకెట్ల మీదా బిల్లు పుస్తకం మీదా అచ్చేసిన నంబరూ పనికిరాకుండా పోతుంది.

అసలు లోపం ఇంకోచోట ఉందని మా అనుమానం. బొటిక్ నడిపేవాళ్లకూ, ఇంటి దగ్గర రీసెల్లింగ్ చేసేవాళ్లకూ, షోరూముకూ మీరు ఒకే ఫొటో పంపుతున్నారు. వాళ్లకు కావలసింది ఒకటి కాదు. రీసెల్లర్‌కు పంపే ఫొటో మీద మీ లోగో, ఫోన్ నంబరు ఉండకూడదు. ఆమె అదే ఫొటోను తన కస్టమర్లకు పంపుకోవాలి కదా. బొటిక్ వాళ్లు చీర అందం కన్నా ముందు అడిగేవి మూడు: మీటరు ధర ఎంత, ఈ రంగులో ఎన్ని మీటర్లున్నాయి, అయిపోతే మళ్లీ నేయించి ఇవ్వడానికి ఎన్ని రోజులు. షోరూముకు ఒక్కో డిజైన్‌లో ఎన్ని రంగుల సెట్టు వస్తుందో, జీఎస్టీ బిల్లు ఇస్తారో లేదో తెలియాలి. వాట్సాప్ బిజినెస్‌లో ‘లేబుల్స్’ ఇరవై దాకా పెట్టుకోవచ్చు. బొటిక్, రీసెల్లర్, షోరూమ్, విడి కొనుగోలు, బాకీ ఉన్నవాళ్లు అని ఐదు లేబుళ్లు పెట్టి, ఆ ప్రకారం లిస్టులు మళ్లీ తయారుచేసుకోండి. ఒక్కో లిస్టులో అరవై మందే మిగిలినా పరవాలేదు.

రోజూ పాతిక ఫొటోలు వద్దు. వారానికి రెండుసార్లు, ఆరేడు చాలు. మిగతావన్నీ క్యాటలాగ్‌లో పెట్టండి, అందులో 500 ఐటమ్‌ల దాకా పడతాయి. ఒక్కో చీరకు కొంగు, అంచు, బాడీ విడివిడిగా, పగటి వెలుతురులో, ట్యూబులైటు వెయ్యకుండా తీయండి. రంగు తేడా వల్ల వెనక్కొచ్చే చీరల్లో చాలా భాగం రాత్రిపూట లైటు కింద తీసిన ఫొటోలవే. ఫొటో కింద నూలు కౌంటు, పొడవు, బ్లౌజు పీసు ఉందో లేదో, జరీ రకం, ధర, ఎన్ని పీసులున్నాయో రాయండి. ‘ధర కోసం మెసేజ్ చెయ్యండి’ అని రాస్తే సగం మంది అక్కడే ఆగిపోతారు. అయిపోయిన రకాన్ని ఆ పూటే క్యాటలాగ్‌లోంచి దాచెయ్యండి. రెండుసార్లు అడిగి రెండుసార్లూ ‘అయిపోయిందండీ’ అనిపించుకున్న బొటిక్ మూడోసారి అడగదు.

సేవ్ చేయించుకోవడానికి సులువైన చోటు పార్సిల్. యాప్‌లోని బిజినెస్ టూల్స్‌లో మీ క్యూఆర్ కోడ్, షార్ట్ లింక్ దొరుకుతాయి. ఆ కోడ్‌ను చిన్న కార్డు మీద అచ్చేయించి ప్రతి పార్సిల్‌లో వెయ్యండి. ‘ఈ నంబరు సేవ్ చేసుకుంటేనే కొత్త స్టాకు ఫొటోలు అందుతాయి’ అన్న మాట కార్డు మీదా, మొదటి బిల్లుతో పంపే మెసేజ్‌లోనూ ఉండాలి. ‘గ్రీటింగ్ మెసేజ్’లో మీ పనివేళలు, కనీస ఆర్డరు రాసిపెట్టుకోండి. కొత్తగా రాసినవాళ్లకూ, 14 రోజులుగా మాటలు లేనివాళ్లకూ అది దానంతటదే వెళ్తుంది. రోజూ అడిగే ప్రశ్నలకు ‘క్విక్ రిప్లై’లు తయారుగా ఉంచుకుంటే, ఏటవాలు గీత గుర్తు (/) నొక్కగానే జవాబు వచ్చేస్తుంది.

చివరగా, మీ అమ్మకంలో ఎక్కువ భాగం ఇచ్చే ముప్పై నలభై మందిని బ్రాడ్‌కాస్ట్‌లోంచి పూర్తిగా బయటికి తీయండి. వాళ్లకు నెలకోసారి పేరు పెట్టి విడిగా రాయండి: ‘మేడమ్, దసరాకి మీరు తీసుకున్న నిజాం అంచులో ఇప్పుడు ఆనంద నీలం వచ్చింది, 40 మీటర్లుంది, మీకు ఉంచమంటారా?’ ఇది టైపు చెయ్యడానికి పట్టేది నిమిషం. రోజూ పొద్దున్నే పంపే సూర్యోదయం బొమ్మ మాత్రం ఆపండి. మీ స్టాకు ఫొటోను కూడా చూడకుండా దాటెయ్యడం జనానికి అలవాటవుతున్నది దానివల్లే.

సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) డిప్లొమా చేసి బాలానగర్‌లో టూల్ డిజైనర్‌గా ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. లింక్డ్‌ఇన్‌లో రెండు వేల కనెక్షన్లున్నాయి. పుణె, బెంగళూరు కంపెనీల వాళ్లకు ‘ప్లీజ్ రిఫర్ మీ’ అని పంపుతుంటే జవాబే లేదు. మా ఆఫీసులో తెలియకుండా ప్రయత్నించడం ఎలా?
*ఒక పాఠకుడు, హైదరాబాద్*

చివరి ప్రశ్న నుంచి మొదలుపెడదాం, తప్పు జరిగితే నష్టం అక్కడే ఎక్కువ. ప్రొఫైల్‌లో మార్పులు చేసేముందు, సెట్టింగ్స్‌లో ఆ మార్పుల్ని మీ నెట్‌వర్క్‌కు తెలియజేసే మీట ఆపెయ్యండి. ‘ఓపెన్ టు వర్క్’ పెట్టేటప్పుడు రెండు దారులుంటాయి: అందరికీ కనిపించే ఆకుపచ్చ చుట్టు ఒకటి, రిక్రూటర్లకే కనిపించేది ఇంకొకటి. రెండోది ఎంచుకోండి. మీ కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా చూస్తామని లింక్డ్‌ఇన్ అంటుంది గానీ, పూర్తి హామీ ఇవ్వదు. మీ కంపెనీ తరఫున మనుషుల్ని వెతికే బయటి కన్సల్టెన్సీలు చూడవచ్చు కదా. చిన్న టూల్ రూముల్లో అందరికీ అందరూ తెలుసు కాబట్టి, ఆ బటన్ లేకుండానే ప్రయత్నించమని మా సలహా.

హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది, కానీ వెతికినప్పుడూ కామెంట్ కిందా కనిపించేవి మొదటి కొన్ని మాటలే. ‘మంచి అవకాశం కోసం చూస్తున్నాను’ అన్న వాక్యంతో ఆ చోటు వృథా. రిక్రూటర్ వెతికేది పని పేరుతో, సాఫ్ట్‌వేర్ పేరుతో. అందుకే ‘టూల్ డిజైనర్, ఇంజెక్షన్ మౌల్డ్, ప్రెస్ టూల్, ఎన్‌ఎక్స్, సాలిడ్‌వర్క్స్’ అని ఇంగ్లీషులోనే సూటిగా ఉండాలి. అనుభవం దగ్గర ‘మౌల్డ్ డిజైన్ బాధ్యతలు చూశాను’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఏడాదికి ఎన్ని మౌల్డులు (అచ్చులు), ఒక్కోదాంట్లో ఎన్ని క్యావిటీలు (వస్తువు రూపంలోని గుంతలు), ఎన్ని టన్నుల మెషీన్‌కు, హాట్ రన్నరా కోల్డ్ రన్నరా (ప్లాస్టిక్ పారే దారిని వేడిగా ఉంచేదా, కాదా), మొదటి ట్రయల్ (టీ1)లోనే ఓకే అయినవి ఎన్ని అన్న లెక్కలు రాయండి. డిజైన్ హెడ్ ఆ ఐదు వివరాలు చూసి మీ స్థాయి అంచనా కడతాడు.

ఇక్కడ ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా పడే పెద్ద గొయ్యి ఒకటుంది. పనితనం చూపించాలన్న ఉత్సాహంతో కస్టమర్ పార్టు డ్రాయింగో త్రీడీ మోడలో పోస్టు చేస్తారు. అది మీ కంపెనీ సంతకం చేసిన గోప్యత ఒప్పందం కిందికి వస్తుంది. ఉద్యోగం పోవడం అటుంచి, కొత్త కంపెనీ వాడు ‘మా డ్రాయింగూ ఇలాగే పెడతాడు’ అనుకుంటాడు. చూపించాలనుకుంటే మీరే ఊహించి గీసిన సబ్బు పెట్టె లాంటి వస్తువుకు కోర్, క్యావిటీ, ఎజెక్షన్ ఎలా ఇస్తారో చూపండి.

మనుషుల్ని వెతకడానికి మీ కాలేజీనే వాడుకోండి. లింక్డ్‌ఇన్‌లో సీఐటీడీ పేజీ తెరిచి ‘అల్యూమ్నై’ ట్యాబ్ నొక్కితే, పూర్వ విద్యార్థులు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో, ఏ విభాగంలో ఉన్నారో వడపోసి చూపిస్తుంది. 1968 నుంచి నడుస్తున్న సంస్థ కాబట్టి మీకు సీనియర్లు కొల్లలు. పుణె, బెంగళూరు ఎంచుకుని, మీ పనికి దగ్గరగా ఉన్న పదిహేను మందిని రాసుకోండి. హెచ్ఆర్ వాళ్ల కన్నా మీ పైస్థాయిలో అదే పని చేసేవాళ్లు జవాబివ్వడానికి ఎక్కువ వీలు.

కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు పంపే నోట్ ఉచిత ఖాతాకు నెలకు కొన్నే ఇస్తారు, అదీ 200 అక్షరాల్లోపు. కాబట్టి వాటిని ఈ పదిహేను మందికే దాచుకోండి. ఇలా రాయవచ్చు: ‘సర్, నేనూ సీఐటీడీ, 2019 బ్యాచ్. మీ హాట్ రన్నర్ పోస్టు చదివాను. కోల్డ్ రన్నర్‌లో ఆరేళ్ల అనుభవం నాది. మీ దగ్గర ఇలాంటివాళ్లను తీసుకుంటారా?’ అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పగల ప్రశ్న అది. ‘గైడ్ చెయ్యండి సర్’ అంటే ఏం చెప్పాలో ఆయనకే తెలియదు.

రిఫరల్ అన్నది ఆ తర్వాత మెట్టు. రిఫర్ చేసేవాళ్లు తమ కంపెనీ పోర్టల్‌లో జాబ్ ఐడీ కొట్టి, మీ రెజ్యూమె ఎక్కించి, మీ గురించి రెండు వాక్యాలు రాయాలి. ఈ మూడూ మీరే తయారుచేసి ఒకే మెసేజ్‌లో పంపితే వాళ్లకు రెండు నిమిషాల పని. ‘ఖాళీలేమైనా ఉంటే చూడండి’ అంటే వెతికే పని వాళ్ల మీద పెట్టినట్టు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచెయ్యండి, అంతటితో వదిలెయ్యండి. ఒప్పుకోకుండా ఉండిపోయిన పాత రిక్వెస్టుల్ని అప్పుడప్పుడూ వెనక్కి తీసుకోండి. అయితే వెనక్కి తీసుకున్నాక అదే మనిషికి మూడు వారాల దాకా మళ్లీ పంపడం కుదరదు.

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల) యూనిట్. పెద్ద కంపెనీల జాబ్ వర్క్ కోసం లింక్డ్‌ఇన్, ఫేస్‌బుక్‌లో పోస్టులు పెడుతున్నాం. ఈమధ్య ఒకరు ‘వెండర్ రిజిస్ట్రేషన్’కి పద్దెనిమిది వేలు కట్టమంటున్నారు. నమ్మొచ్చా?
*యూనిట్ యజమాని, విజయవాడ*

కట్టకండి. మీ దగ్గర పార్టులు చేయించుకోవాలనుకునే కంపెనీ మీ నుంచి ముందుగా వ్యక్తిగత ఖాతాకో యూపీఐకో డబ్బు వేయించుకోదు. ఎవరు అడిగినా మొదట వాళ్ల జీఎస్టీ నంబరు తీసుకోండి. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్ (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), ఆ తర్వాతి పది ఆ సంస్థ పాన్. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర కొడితే లాగిన్ లేకుండానే సంస్థ పేరు, నమోదైన తేదీ, చిరునామా, ఇప్పుడు చలామణిలో ఉందా రద్దయిందా అన్నది తెలుస్తుంది. మెయిల్ కంపెనీ డొమైన్ నుంచి వచ్చిందా, ఉచిత జీమెయిల్ నుంచా చూడండి. ఒక అక్షరం అటూ ఇటూ మార్చిన డొమైన్‌లు కూడా ఉంటాయి, కాబట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న ల్యాండ్‌లైన్‌కు మీరే ఫోన్ చేసి పర్చేజ్ విభాగాన్ని అడగండి. వాళ్లిచ్చిన నంబరుకు చేస్తే ఎత్తేది వాళ్లే.

మీ పోస్టుల సంగతి. మెషీన్ ముందు దిగిన ఫొటో, ‘క్వాలిటీ ఈజ్ అవర్ మోటో’ అన్న మాట చూసి సోర్సింగ్ వాళ్లు ఆర్డరివ్వరు. వాళ్ల దగ్గర డ్రాయింగ్ ఉంటుంది, అది మీ మెషీన్ మీద పడుతుందా లేదా అన్నదే ప్రశ్న. అందుకే ఒకే పేజీ పీడీఎఫ్ తయారుచేయండి. మెషీన్ల పేర్లు, ఎన్ని ఉన్నాయి, గరిష్ఠంగా ఎంత డయా, ఎంత పొడవు తిప్పగలరు, వీఎంసీ (నిలువు మెషీనింగ్ సెంటర్) ఉంటే బెడ్ సైజు, నిలకడగా పట్టగలిగే టాలరెన్స్ (20 మైక్రాన్లు అంటే 20 అనే రాయండి, 5 అని రాసి శాంపిల్ దగ్గర దొరికిపోకండి), చేసే మెటీరియల్స్, కొలిచే పరికరాలు, చివరిగా క్యాలిబ్రేషన్ చేయించిన తేదీ, షిఫ్టులు, జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) నంబర్లు. ఐఎస్ఓ సర్టిఫికెట్ ఉంటే దాని గడువు తేదీ కూడా. హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ బయట చేయిస్తే ఆ మాటా రాయండి. దాస్తే ఆడిట్‌లో ఎలాగూ బయటపడుతుంది.

ఈ పేజీని లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో ‘ఫీచర్డ్’ భాగంలో పెట్టి, హోదాలో ‘సోర్సింగ్’, ‘సప్లయర్ డెవలప్‌మెంట్’, ‘పర్చేజ్’ అని ఉన్నవాళ్లను వెతకండి. ఎండీలకు రాయడం దండగ. మొదటి మెసేజ్‌లో ఆర్డర్ అడగవద్దు, ఒక్క డ్రాయింగ్‌కు కొటేషన్ ఇచ్చే అవకాశం అడగండి. డ్రాయింగ్ వస్తే 48 గంటల్లో ధర చెప్పండి. చెయ్యలేనిదైతే అదే రోజు ‘ఇది మా వల్ల కాదు’ అని రాయండి. అలా నిక్కచ్చిగా చెప్పినవాళ్ల పేరు సోర్సింగ్ వాళ్లు గుర్తుపెట్టుకుని, చేతనయ్యే పని వచ్చినప్పుడు పిలుస్తారు.

పరిచయం లింక్డ్‌ఇన్‌లో మొదలైనా, పర్చేజ్ ఆర్డర్ మాత్రం కంపెనీ మెయిల్ నుంచే రావాలి. వాట్సాప్‌లో ‘ఓకే, ప్రొసీడ్’ అన్నదాని మీద మెటీరియల్ కోసేయకండి. చెల్లింపు గడువు కూడా ఆ ఆర్డర్‌లోనే రాయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటించకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

నేను హనుమకొండలో జూనియర్ అడ్వొకేట్‌ని. తోటివాళ్లు రీల్స్ చేసి కేసులు తెచ్చుకుంటున్నారు. నేనూ చెయ్యొచ్చా?
*ఒక పాఠకురాలు, హనుమకొండ*

చట్టం గురించి చెప్పవచ్చు, మిమ్మల్ని గురించి చెప్పుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 36వది, న్యాయవాది నేరుగా గానీ చాటుగా గానీ పని కోసం ప్రకటన ఇవ్వకూడదని, దళారుల్ని పెట్టుకోకూడదని, తాను వాదిస్తున్న కేసుల గురించి ఫొటోలు, పత్రికా వ్యాఖ్యలు పుట్టించకూడదని చెబుతుంది. 2008లో చేసిన సవరణ వెబ్‌సైట్‌కు దారిచ్చింది. అందులో ఉండదగ్గవి పేరు, చిరునామా, ఫోన్, మెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్, అర్హతలు, ఏ రంగాల్లో ప్రాక్టీసు. అంతవరకే. 2024 జులైలో మద్రాసు హైకోర్టు ఆన్‌లైన్ పోర్టళ్ల ద్వారా కేసులు పట్టడాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ మళ్లీ ప్రచార వీడియోల మీద హెచ్చరిక చేసింది. ఫిర్యాదు రుజువైతే న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద మందలింపు నుంచి పేరు తొలగింపు దాకా వెళ్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు అది చిన్న దెబ్బ కాదు.

ఆచరణలో గీత ఎక్కడుందంటే, ‘చెక్ బౌన్స్ అయిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి’ అన్న వీడియో ఫరవాలేదు, దాని కింద ‘మీ కేసు కోసం ఈ నంబరుకు కాల్ చెయ్యండి’ అన్న వాక్యం వద్దు. ‘ఇవాళ బెయిల్ తెచ్చాం’ అని కోర్టు మెట్ల మీద ఫొటో వద్దు. క్లయింటు పేరు తీసేసినా వద్దు, ఊరివాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. పోస్టు ‘బూస్ట్’ చేయడమంటే డబ్బిచ్చి ప్రకటన వేయడమే.

మీకు కేసులు పంపేది తోటి న్యాయవాదులు, ఆడిటర్లు. హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేసే సీనియర్‌కు హనుమకొండ కోర్టులో ఒక వాయిదాకు నిలబడే మనిషి కావాలి. రెవెన్యూ కేసుల్లో కొత్త తీర్పు వచ్చినప్పుడు దాని సారాంశం పది వాక్యాల్లో, కేసు నంబరుతో సహా, న్యాయవాదుల గ్రూపుల్లో పెట్టండి. నెలకు రెండు చాలు. ఆరు నెలలకు మీ పేరు ‘ఫలానా విషయం తెలిసిన అమ్మాయి’గా తిరుగుతుంది. నిబంధనలు అడ్డుపడని దారి అది.

ఇంజినీరింగ్ కాలేజీ పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులో నా ఇన్సూరెన్స్ వ్యాపారం గురించి పెట్టొచ్చా?
*ఒక పాఠకుడు, కర్నూలు*

అడ్మిన్‌ను అడిగి ఒక్కసారి, నాలుగు వాక్యాల్లో. ఆపైన ఎవరైనా అడిగితేనే, అదీ విడిగా. అడక్కుండా అందరినీ ఇంకో గ్రూపులో చేర్చే ఆలోచన ఉంటే మానుకోండి.

రాజమహేంద్రవరంలో పెళ్లి డెకరేషన్లు చేస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పదకొండు వేల మంది ఫాలోవర్లు. ‘ఫ్రీగా చెయ్యండి, ట్యాగ్ చేస్తాం’ అనేవాళ్లే ఎక్కువ. వ్యాపారం పెరిగేలా దీన్ని వాడుకోవడం ఎలా?
*ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

ముందు ‘ఇన్‌సైట్స్’ తెరిచి ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో చూడండి. ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చి ఉంటేనే ఇది కనిపిస్తుంది. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం కలిపి సగం కూడా లేకపోతే, ఆ పదకొండు వేలలో మీకు పని ఇవ్వగలవాళ్లు తక్కువ. బయోలో 150 అక్షరాలే ఉంటాయి, అందులో ఊరు పేరు, ఎంత దూరం వస్తారు, మొదలు ధర ఉండాలి. గ్రిడ్ పైన మూడు పోస్టులు పిన్ చేసుకోవచ్చు. ఒకటి మండపం, ఒకటి హల్దీ లాంటి చిన్న వేడుక, మూడోది ధరల వివరం. మొదలు ధర రాస్తే ఎంక్వైరీలు తగ్గుతాయి. తగ్గేవి బేరానికి మాత్రమే వచ్చేవి.

మీకు పెళ్లిళ్లు తెచ్చేది పెళ్లికూతురి కన్నా ముందు ఫంక్షన్ హాల్ మేనేజరు, ఫొటోగ్రాఫర్, మేకప్ ఆర్టిస్టు, క్యాటరింగ్ వాళ్లు. వాళ్లతో సంబంధం కోసమే ‘ఇన్వైట్ కొలాబరేటర్’ వాడండి. వాళ్లు ఒప్పుకుంటే ఒకే పోస్టు రెండు ఖాతాల్లోనూ కనిపిస్తుంది, లైకులు కామెంట్లు కలిసే ఉంటాయి. పెళ్లైన మూడో రోజుకల్లా ఫొటోగ్రాఫర్‌ను ఐదు ఫొటోలు అడిగి, ఆయన పేరు ముందు పెట్టి వెయ్యండి. ఫంక్షన్ హాల్‌కు వాళ్ల హాలు ఖాళీగా ఉన్నప్పుడు, అలంకరించాక ఒకే కోణంలో తీసిన రెండు ఫొటోలు ఇవ్వండి. హాలు చూడటానికి వచ్చినవాళ్లకు మేనేజరు ఫోన్లోంచి తీసి చూపించేది అవే. ఆషాఢం, మూఢం రోజులు మీకు ఖాళీ. వీళ్లందరినీ నేరుగా కలవడానికి, వచ్చే ముహూర్తాలకు రేటు కార్డు ఇవ్వడానికి అదే అదను.

ఉచితంగా చెయ్యమనే ఇన్‌ఫ్లుయెన్సర్ల విషయంలో పూలు, కూలి, రవాణా ఖర్చు మాత్రం వాళ్లు పెట్టుకునేలా మాట్లాడండి. ఎన్ని రీల్స్, ఎన్ని రోజుల్లో, ఎంతకాలం తీసెయ్యకుండా ఉంచుతారు, ఆ వీడియో మీరు వాడుకోవచ్చా అన్నవి మెసేజ్‌లో రాసి ‘సరే’ అనిపించుకోండి. ఉచితంగా పొందిన సేవకు కూడా అది ప్రచారమేనని రీల్‌లో స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021 నుంచి నియమం పెట్టింది. చెప్పనంటే ఆ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో పెట్టుకోకండి. ఇంకొకటి: ఏ పెళ్లి ఫొటో అయినా ఆ కుటుంబాన్ని అడిగాకే వెయ్యండి. అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఆ మాట రశీదు మీద రాయించుకుంటే తర్వాత మొహమాటం ఉండదు.

దుబాయ్‌లో స్టోర్ కీపర్ ఉద్యోగమని లింక్డ్‌ఇన్‌లో ఒక రిక్రూటర్ పరిచయమయ్యాడు. ప్రొఫైల్‌లో ఐదొందలకు పైగా కనెక్షన్లున్నాయి. లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. విజిట్ వీసా మీద వచ్చేస్తే అక్కడ మారుస్తానంటున్నాడు.
*ఒక పాఠకుడు, జగిత్యాల*

కనెక్షన్ల సంఖ్య రుజువు కాదు. ఎవరు అడిగినా ఒప్పుకునేవాళ్లు బోలెడు మంది. గల్ఫ్ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చే లైసెన్స్ ఉండాలి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా ఉంటుంది, పేరూ లైసెన్స్ నంబరూ రెండూ కలవాలి. అనుమతి ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అదీ రశీదుతో. లక్షా ఇరవై వేలన్న మాట ఒక్కటే చాలు, పక్కకు తప్పుకోవడానికి. విజిట్ వీసా మీద పని చేస్తూ దొరికితే జరిమానా, వెనక్కి పంపడం మీకే గానీ అతనికి కాదు. అతను చెప్పిన కంపెనీ నిజమైనదైతే దాని వెబ్‌సైట్‌లోని హెచ్ఆర్ మెయిల్‌కు మీరే రాసి, ఈ మనిషి వాళ్ల తరఫున పనిచేస్తున్నాడా అని అడగండి. విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోనూ విచారించవచ్చు.

ఇప్పటికే ఏదైనా మొత్తం పంపి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే దాన్ని ఆపే వీలుంటుంది. చాట్ చెరిపెయ్యకండి, అతని ప్రొఫైల్ లింకు, బ్యాంకు ఖాతా నంబరు, లావాదేవీ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాస్‌పోర్టు కాపీ ఇచ్చి ఉంటే ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి.